ఆపమనే అధికారం నర్సుకు ఉండాలి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2004-05లో వందకు పైగా ఐసీయూలు కలిసి ఒక పని చేశాయి. రోగి మెడ దగ్గరో, భుజం కిందో ఉండే పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేసేటప్పుడు ఐదు నియమాలు తప్పకూడదనుకున్నాయి. చేతులు కడుక్కోవాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయాలి. టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని రోగిని నిలువెల్లా స్టెరైల్ గుడ్డతో కప్పాలి. వీలైనంతవరకు తొడ దగ్గరి సిర జోలికి పోకూడదు. అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయాలి. అంతకుముందు వెయ్యి లైన్-రోజులకు సగటున 7.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు దిగాయి. డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ బృందం 2006 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ఫలితాలను ప్రచురించింది.

ఆ ఐదు నియమాలు మన ఆస్పత్రులకూ చేరాయి. చాలాచోట్ల లామినేషన్ చేయించి గోడకు తగిలించారు కూడా. అయితే మిషిగన్‌లో వాటికి తోడుగా మరో ఏర్పాటు ఉంది. డాక్టరు ఏ నియమం తప్పినా, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం కాకపోతే, పక్కనున్న నర్సు ఆ పనిని ఆపించవచ్చు. ఆ అధికారాన్ని ఆస్పత్రే ఇచ్చింది. నా దృష్టిలో ఆ జాబితాకు ప్రాణం పోసింది ఇదే. మన దగ్గర ‘సార్, గ్లౌజు బెడ్‌కు తగిలింది, మార్చుకోండి’ అని సీనియర్ డాక్టరుతో అనగల సిస్టర్లు ఎందరు? అన్నాక మర్నాడు డ్యూటీలో ఇబ్బంది పడకుండా ఉండేది ఎందరు?

లైన్ వేయడం డాక్టరు పని. తర్వాత రోజుల తరబడి దాన్ని కాపాడేది నర్సే. పారదర్శక డ్రెస్సింగ్ అయితే వారానికోసారి, గాజ్ గుడ్డ అయితే రెండు రోజులకోసారి మార్చాలి. తడిసినా, ఊడినా ఆ క్షణమే మార్చాలి. ఇంజెక్షన్ ఇచ్చే ప్రతిసారీ హబ్‌ను స్పిరిట్ దూదితో గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఉదయం రౌండ్స్‌లో ‘ఈ లైన్ ఈరోజు ఇంకా కావాలా?’ అని అడగాలి. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు. అది నర్సు నోటి నుంచే రావాలి, ఎందుకంటే రోగి పక్కనే రోజంతా ఉండేది ఆమే.

వెంటిలేటర్ మీదున్న రోగి విషయమూ ఇంతే. వద్దన్న కారణం లేకపోతే తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉంచాలి. శ్వాస ట్యూబు కఫ్ పీడనం 20-30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. బుడగను వేళ్లతో నొక్కి సరిపోయిందనుకోవడం పనికిరాదు, మీటరుతో కొలవాలి. కఫం ఉన్నట్టు తెలిసినప్పుడే సక్షన్ చేయాలి. ముందు ఆక్సిజన్ పెంచాలి, ఒక్కసారికి 15 సెకన్లు దాటకూడదు. అలవాటుగా సెలైన్ పోయడం మానేయాలి. నోటి శుభ్రత విషయంలో సలహా మారింది. 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు తుడవడం వద్దన్నాయి, బ్రష్‌తో పళ్లు తోమమన్నాయి. పాత ప్రోటోకాల్ నడిచే ఐసీయూలు దీన్ని చూసుకోవాలి.

డ్యూటీ మారేటప్పుడు కౌంటర్ దగ్గర కాకుండా బెడ్ దగ్గరే హ్యాండోవర్ ఇవ్వాలి. ప్రతి సిరంజి పంపు నుంచి సిర దాకా ట్యూబును చేత్తో తడుముతూ పోవాలి. నార్‌అడ్రినలిన్ సిరంజి అయిపోకముందే రెండోది సిద్ధంగా ఉండాలి. అది ఆగితే నిమిషాల్లో బీపీ కూలిపోతుంది. గాఢ పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా సిరలోకి ఎన్నడూ ఎక్కించకూడదు. ఎక్కించే ద్రావణాన్ని రెండో నర్సు చూడాలి. అలారం పరిమితులను ఏ రోగికి ఆ రోగికి సరిచేసుకోకపోతే, రోజంతా మోగే శబ్దాల్లో అసలు ప్రమాదం వినపడకుండా పోతుంది.

ఐసీయూ మతిభ్రమ గురించి మన దగ్గర మాట్లాడేది తక్కువ. లైన్లు పీకేసుకునే రోగిని అందరూ గమనిస్తారు. కిక్కురుమనకుండా పడుకున్న రోగినీ అదే పట్టి ఉండవచ్చు, గమనించేవాళ్లుండరు. కళ్లజోడు, వినికిడి యంత్రం తిరిగి ఇవ్వడం, రాత్రి దీపాలు తగ్గించడం, ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పడం చాలా మేలు చేస్తాయి. హైదరాబాద్ ఐసీయూల్లో కేరళ, ఈశాన్య రాష్ట్రాల నర్సులు ఎంతో ఓపికతో పనిచేస్తున్నారు. అయితే ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పెద్దాయన కళ్లు తెరిచినప్పుడు తెలుగు మాట వినపడాలి. ఓ ఇరవై తెలుగు వాక్యాలు నేర్పించే బాధ్యత యాజమాన్యాలది.

ఇన్ని సలహాలిచ్చి, చేసే చేతుల సంగతి వదిలేస్తే అన్యాయమే అవుతుంది. పన్నెండు గంటల నైట్ డ్యూటీలో నలుగురు రోగులను రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలంటే 24 సార్లు. ఒక్కోసారికి పది నిమిషాలు, ఇద్దరు మనుషులు. ఒక్క పడక పుండ్ల నివారణకే ఇద్దరి నాలుగేసి గంటలు పోతాయి. వెంటిలేటర్ రోగికి ఒక నర్సు ఉండటం మేలనీ, ఎట్టి పరిస్థితిలోనూ ముగ్గురు రోగులకు ఇద్దరి కంటే తగ్గకూడదనీ భారత క్రిటికల్ కేర్ వైద్యుల సంఘమే చెప్పింది. తొమ్మిది ఐరోపా దేశాల్లో సర్జరీ రోగులపై జరిగిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. నర్సుకు ఒక్క రోగి అదనమైతే 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని అది తేల్చింది. జీతాల మాటకొస్తే, 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ చిన్న ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదంది. అదీ దక్కని నర్సు పనిలో చేయి తిరిగే వేళకు విదేశాల దారి పడుతుంది. ఆమెను తప్పుపట్టలేం.

యాజమాన్యాలు రెండు పనులు వెంటనే చేయవచ్చు. నియమం తప్పితే పని ఆపించే హక్కు నర్సుకు ఉందని మెడికల్ డైరెక్టర్ సంతకంతో ఉత్తర్వు ఇవ్వాలి. ప్రతి షిఫ్టులో ఎందరు రోగులకు ఎందరు నర్సులో ఐసీయూ తలుపు మీద రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ రెండింటినీ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు షరతుగా పెట్టాలి. మీవాళ్లు ఐసీయూలో ఉంటే వెంటిలేటర్ ఏ కంపెనీదని అడక్కండి, ఈ రాత్రి ఆ బెడ్ దగ్గర ఎందరు నర్సులుంటారో అడగండి.