రోగి పరిచర్య: మొదటి పాఠము

1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు 1898లో అచ్చట స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి నెలకొల్పిరి. బాలింతలను కాపాడుటకు వైద్యమెంత ముఖ్యమో పరిచారికల శుచియు నంత ముఖ్యము. కావుననే నర్సు విద్యయందు మొదటి పాఠము చేతులు కడుగుకొనుట.

మిరపకాయల తొడిమలు తీసిన చేతిని వట్టి నీట కడిగి కన్ను నులుముకొన్నచో ఏమగునో మన కెఱుకయే. ఆ ఘాటు పోవుటకు సబ్బు కావలెను. క్రిములు పోవుటకును అంతే. అయితే మిరప మండి హెచ్చరించును, క్రిమి హెచ్చరింపదు.

రోగిని తాకుటకు ముందును, తాకిన పిమ్మటను, ఉంగరములు తీసి, అఱచేతులు, చేతుల వెనుకభాగములు, వ్రేళ్ల సందులు, గోళ్ల మొనలు సబ్బుతో 20 సెకండ్లకు తక్కువ గాకుండ రుద్ది, ధారగా పోసిన నీటితో కడిగి, శుభ్రమైన బట్టతో తుడుచుకొనవలెను.

బాలింతను చూడవచ్చిన చుట్టములకు, మొగమాటపడక, తొలుత సబ్బును చెంబెడు నీళ్లును అందింపుడు. బిడ్డను పిమ్మట అందింపుడు.