సైటు ఫొటోకు బాణం గుర్తు
నిర్మాణ సైటులో తీసిన ఫొటో ఎక్కడ నిలబడి, ఎటు చూస్తూ తీశారో ప్లాను మీద నంబరు, బాణం గుర్తుతో చూపితేనే గట్టి సాక్ష్యమవుతుంది. ఫోనులో జీపీఎస్ ఉండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. ఆరుబయట కూడా దాని లెక్క సుమారు 5 మీటర్లు అటూ ఇటూ అవుతుంది. స్లాబు కింద ఇంకా తప్పుతుంది, ఏ అంతస్తో నమ్మకంగా చెప్పలేదు. ఇనుప చువ్వల దగ్గర దిక్సూచి కూడా తప్పు చూపుతుంది. అయితే ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టే గ్రామీణ ఇంటికి జీపీఎస్ స్థానం నమోదైన (జియోట్యాగ్) ఫొటో చాలు. అక్కడ తేల్చాల్సింది ఇల్లు ఏ దశకు వచ్చిందన్నదే. అపార్ట్‌మెంటులో మాత్రం ఒకేలా కనిపించే స్తంభాల్లో పగులు దేనిదో తేలాలి. పైగా కాంక్రీటు పోశాక లోపలి చువ్వలను మళ్లీ చూడలేం, వాటికి ముందు తీసిన ఫొటోయే సాక్ష్యం. పని ఆలస్యమవుతుందన్న అభ్యంతరమూ నిలవదు: అప్పటికప్పుడు బాణం గీయడానికి క్షణాలు చాలు, గుర్తులేని ఫొటోల చోటు వెతకడానికి రోజులు పట్టవచ్చు. అందుకే బిల్లు మంజూరుకు బాణం గుర్తులున్న ప్లానును తప్పనిసరి చేయాలి.