ఊరి సొసైటీ, మన డాలరు

కోనసీమ లంకల్లో, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో లైబ్రరీకో, హైస్కూలు గదులకో మనవాళ్లు డబ్బు పంపుతూనే ఉన్నారు. పుచ్చుకునేది ఊరి పెద్దలు ఎప్పుడో రిజిస్టరు చేయించిన సొసైటీ. దాని బైలాస్ మనలో ఎందరం చదివాం?

పాత సొసైటీలు 1860 నాటి చట్టం కింద పుట్టినవి. ఆంధ్రప్రదేశ్ 2001లో సొంత చట్టం చేసుకుంది. కమిటీలో తగాదా వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లొచ్చని అందులో 23వ సెక్షన్. అధ్యక్షులవారి మాటే తుది తీర్పని రాసుకున్న బైలాస్ ఉంటే ఇక దిద్దుకోవాల్సిందే. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కార్యక్షేత్రం తూర్పు గోదావరి జిల్లా అని రాసుకున్న అమలాపురం సొసైటీ, కాగితం ప్రకారం ఇప్పుడు పొరుగు జిల్లాలో ఉంది! మనకు నవ్వొస్తుంది గానీ ఆడిటరుకు రాదు.

అసలు చిక్కు మన పాస్‌పోర్టులతోనే. భారత పౌరుడు విదేశంలో సంపాదించుకున్న సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆయనే అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, చేతిలో ఓసీఐ కార్డున్నా, వంద డాలర్లయినా విదేశీ విరాళమే. తీసుకునే సొసైటీకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. ఒక సంస్థకొచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడమూ నిషేధమే. రాజమండ్రిలో ఒక ట్రస్టుకు పంపి, అక్కణ్ణుంచి నాలుగూళ్లకు పంచే పద్ధతి ఇక చెల్లదు. రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్లలో 15 లక్షలు ఖర్చుపెట్టినట్టు చూపాలట. ఊరి లైబ్రరీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? నిఘా అవసరమే, కానీ ఈ నిబంధన చిన్న సంస్థలకు అన్యాయం.

వీరేశలింగంగారు 1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజం పెట్టి, తన ఆస్తి దానికి రాసిచ్చారు. సేవకు కాగితం అడ్డని ఆయన అనుకోలేదు.

కాబట్టి ఈ ఏడాది ఊరి సొసైటీలకు మన సాయంలో మొదటి ఖర్చు జనరల్ బాడీ పిలిచి, బైలాస్ సవరించి, రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయించడానికే పెట్టాలని మా ప్రతిపాదన. గదులు ఆ తర్వాత. ఒప్పుకోనివారు ఉత్తరం రాయండి, వేస్తాం. సంక్రాంతికి ఊరెళ్లేవారు మీ సొసైటీ బైలాస్ జెరాక్సు ఒకటి అడిగి తీసుకురండి.