పాత సామానుకూ ఛందస్సుంది

వానలు మొదలయ్యాయో లేదో, మా మారుతి 800 ఎడమ తలుపులో అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరు విరిగింది. హాలియా నుంచి మిర్యాలగూడ డాక్టరు దగ్గరకు అమ్మ కూర్చుని వెళ్ళేది ఆ పక్కనే! ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇక పాత సామాన్ల కొట్టే శరణ్యం.

"ఏదైనా ఒకటేనండీ" అన్నాడు కొట్టాయన. ఎలా ఒకటవుతుంది? కుడి తలుపుది ఎడమకు పట్టదు. ముందుది వెనక్కి ఒదగదు. యతి కుదిరినా గణం తప్పితే పద్యం నిలుస్తుందా?

అందుచేత, విప్పిన పాతదాన్ని వెంట తీసుకువెళ్ళండి. రెండూ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు సరిచూడండి. పళ్ళు గాని, తీగ గాని అరిగిందేమో తడిమి చూడండి. పిడి తగిలించి పూర్తిగా తిప్పండి. బిగించాక కుదరకపోతే వాపసు తీసుకుంటానన్న తర్వాతే డబ్బివ్వండి. ఈ పరీక్షలన్నీ నెగ్గిన పాతది దొరికిందా, అదృష్టవంతులే!