మత్తు దిగాక మతి పోతుందా?

ఇంట్లో పెద్దవారు కాలు జారి పడతారు. తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పగానే బంధువుల్లో ఎవరో ఒకరు, "ఈ వయసులో మత్తు ఇస్తే మతి పోతుంది" అంటారు. ఆ మాటతో ఆపరేషను వాయిదా పడుతుంది. ఈ భయంలో నిజమెంత?

మత్తు మామూలు నిద్ర వంటిది కాదు. నిద్రపోయే మనిషిని సూదితో గుచ్చితే లేస్తాడు. మత్తులో వున్న మనిషికి కత్తి తగిలినా తెలియదు. ప్రోపోఫాల్ వంటి మందులు మెదడు కణాలను నెమ్మదింపజేసే 'గాబా' అనే రసాయనం బలాన్ని పెంచుతాయి. కొత్త సంగతులను జ్ఞాపకంగా నిలిపే భాగం పేరు హిప్పోకాంపస్. మందు ప్రభావం వున్నంతసేపు అది పనిచేయదు. ఆపరేషనుకు ముందు కంగారు తగ్గటానికి మిడజోలాం ఇస్తే, థియేటరులోకి ఎప్పుడు తీసుకెళ్లారో కూడా రోగికి గుర్తుండకపోవచ్చు. అంతమాత్రాన పాత జ్ఞాపకాలు చెరిగిపోయినట్టు కాదు.

అయితే అరవై దాటిన వారిలో కొందరికి ఆపరేషనైన రెండు మూడు రోజుల్లో తికమక కలుగుతుంది. కొడుకును గుర్తుపట్టరు. సెలైను గొట్టం పీకేస్తారు. లేదా ఎవరితోనూ మాట్లాడకుండా మగతగా పడివుంటారు. దీన్ని డెలీరియం అంటారు. మన పెద్దలు 'సంధి' అన్నది ఇటువంటి స్థితినే. నేరం మత్తుమందు ఒక్కదానిదే కాదు. నొప్పి, ఇన్‌ఫెక్షను, రక్తంలో ఆక్సిజను, సోడియం తగ్గటం, మూత్రం బిగియటం, నిద్రలేమి, తాగుడు హఠాత్తుగా మానటం – ఇవన్నీ కారణాలే. కారణాన్ని సరిచేస్తే చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

జ్ఞాపకశక్తి కొంత మందగించటం మరికొంతకాలం వుండవచ్చు. అరవై దాటి పెద్ద ఆపరేషను చేయించుకున్న 1,200 మందికి పైగా రోగులను పరీక్షించిన వివరాలు 1998లో వెలువడ్డాయి. వారం తరువాత నూటికి 26 మందిలో ఈ లోపం కనిపించింది. మూడు నెలలకు అది 10 మందికి తగ్గింది. ముందే మతిమరుపు మొదలైనవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

"నడుముకు ఇంజెక్షను ఇచ్చి చేస్తే ఈ బాధ వుండదు కదా?" అని అడుగుతారు. అమెరికా, కెనడాలలో తుంటి విరిగిన 1,600 మందిపై జరిపిన పరిశీలన 2021లో వెలువడింది. రెండు పద్ధతులలోనూ నూటికి సుమారు 20 మందికి తికమక కలిగింది. అందుచేత ఏ మత్తు తగినదో డాక్టరుకే వదలండి. భయపడి వారాల తరబడి మంచంలో వుంచితే న్యుమోనియా, పడక పుళ్లు, కాలి రక్తనాళాల్లో గడ్డలు వస్తాయి. ఆ ప్రమాదం చాలా పెద్దది.

మీరు చేయవలసినవి ఇవి:

1. వాడే మందులన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, ముందే చూపించండి. తాగుడు అలవాటు, మతిమరుపు వుంటే పరువుకోసం దాచకండి.

2. ఆపరేషను తరువాత డాక్టరు అనుమతించగానే కళ్లజోడు, చెవి మిషను, కట్టుడుపళ్లు తిరిగి పెట్టండి.

3. పరిచయమున్న మనిషి ఒకరు పక్కన వుండాలి. ఇది ఏ వారమో, ఎక్కడ వున్నారో మెల్లగా చెబుతుండాలి. తప్పుగా మాట్లాడితే గద్దించకండి, నవ్వకండి.

4. పగలు వెలుతురు తగలనివ్వండి. రాత్రి నిద్ర చెడనివ్వకండి. డాక్టరు చెప్పిన వెంటనే లేపి కూర్చోబెట్టండి, నడిపించండి.

5. నిద్రపట్టటం లేదని ఇంటినుంచి తెచ్చిన మాత్ర వేయకండి. తికమక పెరుగుతుంది.

హఠాత్తుగా ధోరణి మారితే "ముసలితనం" అని సరిపెట్టుకోక వెంటనే నర్సుకు చెప్పండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. క్షణం ఆలస్యం చేయకండి. ఇంటికి వచ్చిన మూడు నెలలకు కూడా లెక్కలు, పేర్లు, దారులు మరిచిపోతుంటే నరాల వైద్యునికి చూపించండి.