మాకొద్దు చదువా? మాకొద్దీ చదువా?

గురుకులంలో చదివి ఇప్పుడు యూనివర్సిటీకి వచ్చిన ఇద్దరు తమ్ముళ్లు పోయిన వారం అడిగారు. "అన్నా, పింక్ ఫ్లాయిడ్ పాట మనం పాడొచ్చా? చదువు వద్దంటున్నాడు కదా అందులో. బాబాసాహెబేమో చదవమన్నాడు." నవ్వుతూనే అడిగారు గానీ ప్రశ్న నవ్వులాటది కాదు. అందుకే ఈ వారం రోస్టర్ పాయింట్ల గొడవ పక్కనపెట్టి రాక్ పాట పట్టుకున్నా.

పాట 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్', రెండో భాగం. 1979లో 'ద వాల్' ఆల్బమ్‌లో వచ్చింది. రాసినవాడు రోజర్ వాటర్స్. ఆ టీషర్టు వేసుకుని ఫెస్టులో గిటార్ వాయించి, తెల్లారి పోయి ర్యాంకు కొట్టేవాళ్లను మనమంతా చూశాం. ఇంట్లో మూడు తరాలుగా పుస్తకాల బీరువా ఉన్నవాడికి "చదువెందుకు" అనడం ఒక సరదా. వాడు వద్దన్నా చదువు వాణ్ణి వదలదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఇరుక్కుపోయిన పిల్ల అదే మాట అంటే, అది సరదా ఎట్లా అవుతుంది?

ముందు పాటలో ఏముందో చూద్దాం. మొదటి పంక్తిలో రెండు నెగెటివ్‌లున్నాయి. గ్రామర్ సారు ఎర్ర పెన్నుతో కొట్టేసే వాక్యం. రెండు నెగెటివ్‌లు కలిస్తే పాజిటివ్, కాబట్టి చదువు కావాలనే అర్థమని కొందరు లెక్కగట్టి చెప్తారు. ఇది లెక్కల క్లాసు కాదు. కూలీనాలీ జనం మాట్లాడే ఇంగ్లీషులో రెండుసార్లు కాదంటే గట్టిగా కాదనడమే. మనం "వద్దంటే వద్దు" అంటామే, అట్లా. బడి తప్పు అని కొట్టేసే భాషలోనే బడిని తిట్టడం, అదీ ఆ పంక్తిలోని దెబ్బ. మన మాటను 'వాడ భాష' అని నవ్విన క్లాసుల్లో కూర్చున్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత పాట గొడవంతా టీచర్ల వెటకారం మీద, పిల్లల బుర్రలకు వేసే తాళాల మీద. 1982లో అలన్ పార్కర్ తీసిన సినిమాలో ఒక సన్నివేశముంది. పిల్లాడు దాచుకుని రాసుకున్న కవితను మాస్టారు లాక్కుని క్లాసంతటికీ ఎగతాళిగా చదివి వినిపిస్తాడు. మనకు కవిత దాకా కూడా అక్కర్లేదు. ర్యాంకు, కేటగిరీ గట్టిగా చదివితే చాలు, క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంది.

ఈ పాటకు మూడు భాగాలున్నాయని చాలామందికి తెలియదు. మొదటిది యుద్ధంలో పోయిన తండ్రి గురించి. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియోలో చనిపోయాడు, అప్పటికి ఇతను ఐదు నెలల పసివాడు. మూడో భాగంలో నాకెవరూ అక్కర్లేదని గోడ పూర్తి చేసుకుంటాడు. తగిలిన ప్రతి గాయమూ ఒక ఇటుక. ఆ గోడ లోపల ఒంటరిగా కూర్చున్నవాడు చివరికి తనను తాను ఫాసిస్టు నాయకుడిగా ఊహించుకునేదాకా పోతాడు. టీషర్టువాళ్లు అంతదూరం వినరు.

వాటర్స్‌తో నాకు పేచీ ఇక్కడే. అతని గోడ అతను కట్టుకున్నది. మన గోడ మనం పుట్టకముందే వేరేవాళ్లు కట్టి ఉంచింది. ఇది కవిత్వం కాదు. మదురై జిల్లా ఉత్తపురంలో దళితులను వేరుచేసిన గోడలో కొంత భాగాన్ని 2008లో గానీ కూల్చలేదు. 2019 డిసెంబర్‌లో మేట్టుపాళయం దగ్గర నాడూరులో దళితుల ఇళ్ల మీద గోడ కూలి 17 మంది చనిపోయారు. అంటరానితనం గోడ అనే అక్కడివాళ్లు దాన్ని పిలిచారు.

మరి మనం పాడొచ్చా? దక్షిణాఫ్రికా పిల్లలు పాడారు. అక్కడ 1953లో బంటూ ఎడ్యుకేషన్ చట్టం తెచ్చిన వెర్వోర్డ్, వాడుకునే అవకాశమే లేని నల్లపిల్లలకు లెక్కలు నేర్పి ఏం లాభమన్నాడు. మనువుకు దూరపు చుట్టమే. 1980లో ప్రభుత్వం 'కలర్డ్' అని ముద్రవేసిన విద్యార్థులు కేప్‌టౌన్‌లో బడులు బహిష్కరించారు. తెల్లపిల్లలకో చదువు, తమకో చదువు ఏంటని వాళ్ల ప్రశ్న. ఈ పాట వాళ్ల నోట నినాదమైంది. ఆ మేలోనే సర్కారు పాటను నిషేధించింది. చదువు అక్కర్లేని పిల్లలైతే సర్కారుకు భయమెందుకు?

దీన్ని తెలుగులో చెప్పడానికి మనకొక అక్షరం ఉంది. 'ఈ'. "మాకొద్దు చదువు" వేరు, "మాకొద్దీ చదువు" వేరు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' రాస్తే, రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. అదే ఎత్తుగడ, పాడే గొంతు మారింది, దొర రంగు మారింది. కేప్‌టౌన్ పిల్లలు పింక్ ఫ్లాయిడ్‌ను వాడుకున్నదీ ఇట్లాగే. 2016 జనవరిలో హెచ్‌సీయూలో రోహిత్‌నూ మరో నలుగురినీ హాస్టల్ నుంచి వెలివేస్తే, వాళ్లు క్యాంపస్ వదిలి పోలేదు. అక్కడే వెలివాడ కట్టుకుని కూర్చున్నారు. నా లెక్కలో అదీ "మాకొద్దీ చదువు" అనడమే.

ఇంకొక్కటి. పాటలో వినిపించే పిల్లల గొంతులు లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూల్ పిల్లలవి, 23 మంది. హెడ్‌మిస్ట్రెస్ వాళ్లను టీవీలో కనపడనివ్వలేదు. అందుకే వీడియోలో పాడుతున్నట్టు కనిపించే పిల్లలు వేరే. స్కూలుకు వెయ్యి పౌండ్లు ముట్టాయి. పాడినవాళ్లకు అప్పట్లో పైసా రాలేదు. పాతికేళ్ల తర్వాత, నడివయసుకు వచ్చాక, వాళ్లలో కొందరు రాయల్టీ అడగడం మొదలుపెట్టారు.

వచ్చే వారం ధర్మన్న గురించే రాస్తా. జై భీమ్.