తల్లిపాలలో విషము: దోషి తల్లి కాదు

అండమాన్ దీవులలో నేటికిని రైలు మార్గము లేదు. పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ వరకు సుమారు 240 కిలోమీటర్ల మార్గము 2017లో ప్రతిపాదనగా వచ్చినది. తపాలా సోదరులు మాత్రము ఏనాడో అచ్చటికి చేరియున్నారు. వరిచేలు, నారింజ తోటలు, చేపల రేవు, వెనుక సాడిల్ శిఖరము: ఇదియే డిగ్లీపూర్. పెద్ద రసాయన కర్మాగారముల ఊరు కాదది. అట్టి చోట పసిబిడ్డ త్రాగు పాలకు పరిశ్రమల విషముతో ఏమి సంబంధమని ఎవరైనను అడుగవచ్చును.

ఈ ప్రశ్నకు సమాధానము మంచు దేశము నుండి వచ్చినది. 1980వ దశకమున కెనడా పరిశోధకులు, కల్మషము సోకని పాల నమూనా దొరకునను ఆశతో, ఉత్తర క్విబెక్‌లోని ఇన్యూట్ తల్లుల పాలను పరీక్షించిరి. పరిశ్రమలున్న దక్షిణ ప్రాంతపు తల్లుల పాలలోకంటె సుమారు ఐదు రెట్లు అధికముగా పి.సి.బి. అను రసాయనము అందు కనబడినది. దూరము రక్షణ కాదని నాడే తేలినది.

కారణము సులభము. ఈ రసాయనములు నీట కరగవు, త్వరగా నశింపవు, కొవ్వులో నిలిచిపోవును. గాలి, సముద్ర ప్రవాహములు వానిని మోసికొనిపోవును. చిన్న చేప నుండి పెద్ద చేపకు, చేప నుండి మనిషికి చేరుకొలది వాని మోతాదు పెరుగును. ఏండ్ల తరబడి తల్లి దేహమున పేరుకొన్నది పాలలోని కొవ్వుతో బిడ్డకు చేరును. తొలిచూలు బిడ్డకే హెచ్చు వాటా.

మన దేశమునకు ఇది క్రొత్త కథ కాదు. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైన నాటి నుండి ఇంటింటి గోడలపై డి.డి.టి. చల్లబడినది. అది ఎందరి ప్రాణములనో కాపాడిన మాట నిజము. అయితే తమిళనాడు తల్లుల పాలలో డి.డి.టి., బి.హెచ్.సి. అవశేషములున్నట్లు 1990లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. వ్యవసాయమున డి.డి.టి. వాడకము 1989లోను, బి.హెచ్.సి. 1997లోను నిషేధింపబడినవి.

పి.సి.బి. మాట విద్యుత్ విభాగపు కార్మికులకు మరింత దగ్గరది. మంట అంటుకొనని నూనెగా అది పాత ట్రాన్స్‌ఫార్మర్లలోను, కెపాసిటర్లలోను నింపబడెడిది. 2016 నాటి ప్రభుత్వ ఉత్తర్వు దాని తయారీని, దిగుమతిని నిషేధించి, వాడకమునకు 2025 డిసెంబరు 31 గడువు విధించినది. గడువు తీరినంత మాత్రమున పాత నూనె ఆవిరి కాదు. దానిని విప్పు చేతులు కార్మికులవే. అది నేల మీద ఒలికిన, చేరునది తుదకు తల్లి పాలకే.

ఇది విని ఏ తల్లియు బిడ్డకు పాలు మాన్పరాదు. మొదటి ఆరు మాసములు తల్లిపాలే ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచునే యున్నది. ఈ భయమును డబ్బాపాల వ్యాపారులు సొమ్ము చేసికొనరాదు. మార్చవలసినది పాలను కాదు, పరిశ్రమను. స్వీడన్‌లో మంట నిరోధక రసాయనములు 1972 నుండి 1997 వరకు తల్లిపాలలో సుమారు ఐదేండ్లకొకసారి రెట్టింపగుచు వచ్చినవి. వాడకము తగ్గించిన పిదప అవి దిగజారినవి. నిషేధము ఫలించునని ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

కావున మన కోర్కెలు స్పష్టము. ప్రతి వర్క్‌షాపులోను, సబ్‌స్టేషన్‌లోను మిగిలిన పాత పరికరముల జాబితా కార్మిక సంఘముల ముందుంచవలెను. వానిని విప్పువారికి రక్షణ సామగ్రి, శిక్షణ ఇవ్వవలెను. ప్లాస్టిక్ చెత్తను ఆరుబయట కాల్చినచో డయాక్సిన్ పుట్టును గనుక ఆ అలవాటు రైల్వే ఆవరణలలోనైనను, దీవులలోనైనను ఆగవలెను. తల్లిపాల పరీక్షలలో డిగ్లీపూర్ వంటి మారుమూల ఊళ్ళకును చోటుండవలెను. ఫలితములు ఆ తల్లులకు తమ భాషలోనే తెలుపవలెను. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ కేంద్రము శాశ్వత ఉద్యోగినికే గాక కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలికిని అందవలెను.

లాభము ఒకరిది, విషము మరొకరి బిడ్డది అగుట అన్యాయము. వేతనము కొరకు పోరాడిన సంఘములే ఈ అన్యాయముపైనను గళమెత్తవలెను.